హెడ్‌సెట్ తీశాక మూడు నిమిషాలు: ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’ కేస్ స్టడీ

వీఆర్‌తో (వర్చువల్ రియాలిటీ, అంటే తలకు హెడ్‌సెట్ పెట్టుకుంటే మరో చోట ఉన్నట్టు అనిపించే మాధ్యమం) సామాజిక మార్పు అన్న మాట ఎత్తగానే అందరూ ముందుగా చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2015 జనవరిలో దావోస్‌లో జరిగిన ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సులో ఐక్యరాజ్యసమితి తల ఎటు తిప్పితే అటు దృశ్యం కనిపించే ఎనిమిదిన్నర నిమిషాల 360 డిగ్రీల చిత్రం ఒకటి చూపించింది. పేరు ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’. జోర్డాన్‌లోని జాతరి శరణార్థి శిబిరంలో ఉంటున్న 12 ఏళ్ల సిరియా అమ్మాయి సిద్రా తన రోజు ఎలా గడుస్తుందో చెబుతూ ఉంటుంది, చూసేవాళ్లు ఆ శిబిరం మధ్యలో కూర్చుని వింటారు. ఐక్యరాజ్యసమితి వైపు నుంచి గాబో అరోరా, వీఆర్ వైపు నుంచి క్రిస్ మిల్క్ కలిసి తీశారు. యూనిసెఫ్ జోర్డాన్, శామ్‌సంగ్ చేయి కలిపాయి. అదే ఏడాది మార్చిలో మిల్క్ టెడ్ ప్రసంగాల వేదిక మీద వీఆర్‌ను ‘ఎంపతీ మెషీన్’, అంటే ఎదుటివాళ్ల బాధను మనకు పట్టించే యంత్రం అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట ప్రతి ప్రాజెక్టు ప్రపోజల్‌లోనూ తిష్ఠ వేసుకుని కూర్చుంది.

పదేళ్లు దాటాక ఈ కేసును మళ్లీ విప్పడానికి ఒక కారణం ఉంది. చిత్రం గురించి చాలామంది మాట్లాడారు, చూపించిన పద్ధతి గురించి మాట్లాడింది తక్కువ. ఎన్‌జీవోలు మాత్రం చిత్రాన్నే చూసి, అలాంటిదే తీయించుకుని, హెడ్‌సెట్లు కొని, ఏడాది తిరిగేసరికి వాటిని బీరువాలో పెడుతున్నాయి. బడ్జెట్‌లో తొంభై పాళ్లు చిత్రానికి పోతుంది. చూసిన మనిషి హెడ్‌సెట్ తీసి కళ్లు నులుముకుంటున్నప్పుడు పక్కన ఎవరుండాలి, ఏమనాలి, చేతికి ఏమివ్వాలి అన్నదానికి పైసా ఉండదు. సిద్రా కేసులో పనికొచ్చే పాఠమంతా అక్కడే ఉంది.

కెమెరా ఎక్కడ పెట్టారు, ఎందుకు

జాతరి శిబిరాన్ని 2012 జులైలో తెరిచారు. సిరియా సరిహద్దుకు సుమారు 12 కిలోమీటర్ల దూరం. చిత్రం తీసే నాటికి అక్కడ 84 వేల మంది దాకా ఉన్నారు, అందులో సగానికి పైగా పిల్లలే. చిత్రం ఎడారి ఇసుకతో మొదలవుతుంది. తర్వాత కుటుంబం ఉండే గది, బడి, రొట్టెల బట్టీ, మగపిల్లలు కంప్యూటర్ గేములు ఆడే గది, ఆడపిల్లల ఫుట్‌బాల్. చివర్లో పిల్లలంతా కెమెరా చుట్టూ చేరతారు.

బాంబులు లేవు, రక్తం లేదు. ఇది మర్యాద కోసం చేసిన పని అనుకుంటే పొరపాటు, 360 డిగ్రీల మాధ్యమమే ఆ పని చేయిస్తుంది. మామూలు సినిమాలో భయంకరమైన షాట్ వచ్చినా ఎడిటింగ్ ప్రేక్షకుణ్ని లాక్కుపోతుంది. హెడ్‌సెట్‌లో ఉన్న మనిషికి తప్పించుకునే దారి చేతిలోనే ఉంది: తల వెనక్కి తిప్పుతాడు, కళ్లు మూసుకుంటాడు, లేదా హెడ్‌సెట్ పీకేస్తాడు. ఒకసారి పీకేసినవాడు మళ్లీ పెట్టుకోవడం అరుదు. అంతకు మూడేళ్ల ముందు, 2012 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో జర్నలిస్టు నానీ డి లా పెన్యా ‘హంగర్ ఇన్ లాస్ ఏంజెలెస్’ అనే వీఆర్ కథనం చూపించారు. ఉచిత ఆహారం కోసం క్యూలో నిలబడ్డ మనిషి షుగర్ పడిపోయి కుప్పకూలే ఘటన అది. హెడ్‌సెట్‌లో కనిపించే ఆ మనిషి బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని సాయం చేయబోయిన వాళ్లున్నారు, ఏడ్చిన వాళ్లున్నారు. శరీరం అంతగా కదిలింది. కానీ చేతులు చాపితే అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. సాయం చేయాలన్న ఊపు వచ్చి, చేయడానికి ఏమీ లేకపోవడం అన్నది ఈ మాధ్యమానికి పుట్టుకతో వచ్చిన చిక్కు. సిద్రా చిత్రం ఆ ఊపును రోజువారీ జీవితం దగ్గరే నిలిపి, చిత్రం అయిపోయే క్షణానికి దాచింది.

ఇలాంటి చిత్రం తీయాలనుకునే వాళ్లకు కొన్ని కొలతలు. ప్రేక్షకుడు కూర్చుని చూస్తాడనుకుంటే లెన్స్ ఎత్తు నేల నుంచి 115–125 సెంటీమీటర్లు ఉండాలి. 160లో పెట్టి కూర్చోబెడితే గాల్లో తేలినట్టుంటుంది, ఎదుటి పిల్లలు పొట్టిగా, ‘జాలిపడాల్సిన’ వాళ్లలా కనిపిస్తారు. పిల్లలు నేల మీద కూర్చున్న చోట 80–90కి దించాలి. ఎవరి కళ్ల ఎత్తులో కెమెరా ఉందో చూసేవాడి మనసు ఆ మనిషి స్థాయిలో నిలబడుతుంది. మన దగ్గర తీసే చిత్రాల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే: ట్రైపాడ్‌ను మామూలు వీడియో కెమెరాకు పెట్టినట్టే పెట్టేస్తారు.

కెమెరాకు దగ్గరగా ఎవరినీ రానివ్వకూడదు, ముఖ్యంగా రెండు లెన్సుల అతుకు దగ్గర. ఒకటి, ఒకటిన్నర మీటర్ల లోపలికి వస్తే స్టిచింగ్‌లో (లెన్సుల బొమ్మలను ఒకటిగా అతికించేటప్పుడు) ముఖం రెండుగా చీలుతుంది, భుజం మాయమవుతుంది. ముఖ్యమైన మనిషిని ఒక లెన్స్ నడిమధ్యకు ఎదురుగా నిలబెట్టాలి. అతుకు పడే దిక్కులో గోడో, ఖాళీ నేలో ఉండేట్టు చూసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త ఎడిటింగ్‌లో రోజుల తరబడి పనిని తగ్గిస్తుంది.

కెమెరా కదలకూడదు. నడుస్తూ తీసిన షాట్ ఒక్క నిమిషం ఉన్నా కొందరికి కడుపులో తిప్పుతుంది. కన్ను కదలిక చూస్తుంది, లోపలి చెవి కదల్లేదంటుంది, ఆ పేచీయే వికారం. వాంతి వచ్చేలా ఉన్న మనిషికి శరణార్థుల మీద కరుణ పుట్టదు, నిర్వాహకుల మీద కోపం పుడుతుంది. హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) రెండు డిగ్రీలు ఒరిగినా అంతే, కాబట్టి ట్రైపాడ్ మీద స్పిరిట్ లెవెల్ తప్పనిసరి. ఒక్కో దృశ్యం కనీసం 20–25 సెకన్లు ఉండాలి, చూసేవాడికి చుట్టూ చూడ్డానికే పది సెకన్లు పడుతుంది. కట్ చేసేటప్పుడు పాత దృశ్యంలో అతను ఏ దిక్కు చూస్తున్నాడో కొత్త దృశ్యంలో ముఖ్యమైన మనిషి ఆ దిక్కులోనే ఉండాలి. లేకపోతే ప్రతి కట్ తర్వాతా మనిషిని వెతుక్కోవడమే సరిపోతుంది.

360లో ఫ్రేమ్ బయట అనే చోటు లేదు. దర్శకుడు, సౌండ్ మనిషి, యూనిసెఫ్ ఉద్యోగి, అందరూ గోడ చాటుకో గుడారం చాటుకో పోవాలి. కెమెరా ఒంటరిగా కుటుంబం మధ్య మిగులుతుంది. చిత్రంలో కనిపించే ఆ దగ్గరితనం కొంతవరకు దీనివల్లే వచ్చింది. దీనికి ఇంకో వైపూ ఉంది. వెనకాల నడిచిపోయిన వాళ్లందరూ పడతారు. శరణార్థి శిబిరంలో అది చిన్న విషయం కాదు, బంధువులు ఇంకా సిరియాలోనే ఉన్నవాళ్లు ఎందరో. మన దగ్గరైతే బాల్యవివాహం తప్పించుకున్న అమ్మాయిని తీస్తున్నప్పుడు వెనక ఊరి పేరున్న బస్టాపు బోర్డు పడితే చాలు. షూటింగ్ మొదలయ్యే ముందు నాలుగు దిక్కులా ఫోన్‌తో ఫొటోలు తీసి, అందులో కనిపిస్తున్న ప్రతి ముఖానికీ ప్రతి బోర్డుకీ సమాధానం ఉందో లేదో చూసుకోవాలి.

కథను తెర మీద ఎవరూ చెప్పరు, అమ్మాయి గొంతు పైనుంచి వినిపిస్తుంది. పెదవుల కదలికతో పేచీ లేదు కాబట్టి చిత్రాన్ని 15 భాషల్లోకి మార్చగలిగారు. ఒక్కో భాషకు కావలసింది ఒక గొంతు, ఒక రికార్డింగ్ గది, ఒక పూట.

రోడ్డు పక్కన కుర్చీ

దావోస్ ప్రదర్శన పేరు తెచ్చింది. పని చేసిన ప్రదర్శన వేరే ఉంది. యూనిసెఫ్ ఈ చిత్రాన్ని వీధుల్లో, మాల్స్‌లో చందాలు అడిగే తన బృందాల చేతికిచ్చింది, 40 దేశాల్లో. చూసినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు చందా ఇచ్చారనీ, మామూలుగా వచ్చేదానికి ఇది రెట్టింపనీ ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. వీఆర్ ప్రపోజళ్లలో ఎక్కువగా అరువు తెచ్చుకునే అంకె ఇదే.

ఈ అంకెను పట్టుకుని చూద్దాం. వీధిలో చందా అడిగే యువకుడు మామూలు రోజున ఏం చేస్తాడు? నడిచిపోయేవాణ్ని ఆపి, అరనిమిషంలో విషయం చెప్పి, ఫారం చూపిస్తాడు. హెడ్‌సెట్ ఉన్న రోజున? కొత్త వస్తువు చూపించి పిలుస్తాడు. 2015లో అది నిజంగానే కొత్త వస్తువు. ఫోన్‌ను లోపల పెట్టి చూసే హెడ్‌సెట్ శామ్‌సంగ్ గేర్ వీఆర్ మొదటి రూపం అమ్మకానికి వచ్చింది 2014 డిసెంబరులో. ఎనిమిదిన్నర నిమిషాలు కూర్చోవడానికి ఒప్పుకున్నవాడు అప్పటికే వడపోతలో మిగిలిన మనిషి: తొందర లేదు, విషయం అంటే చిరాకు లేదు. పైగా ఉచితంగా ఏదో అనుభవించాడు, ఎదుటి కుర్రాడు పది నిమిషాలు తనకోసం ఖర్చుపెట్టాడు. లేచి వెళ్లిపోవడం మొహమాటం. ఆరుగురిలో ఒకరు అన్న లెక్కలో చిత్రం వాటా ఎంత, కుర్చీ వాటా ఎంత, మొహమాటం వాటా ఎంత అని విడదీయడానికి వీల్లేదు, ఎందుకంటే అదే కుర్చీలో అదే కుర్రాడి ముందు మామూలు ట్యాబ్‌లో అదే చిత్రం చూసిన గుంపు లెక్కలో లేదు.

అయినా అంకెను కొట్టిపారేయాల్సిన పనిలేదు. ఫలితం చిత్రానిది ఒక్కదానిదే కాదన్నదే దాని అర్థం. కుర్చీ, ఎదురుగా మనిషి, చేతికందే దూరంలో ఫారం, మూడూ కలిసి ఒకే పరికరం. మన సంస్థలు అందులో హెడ్‌సెట్‌ను మాత్రమే కొంటున్నాయి.

కువైట్ డబ్బు

2015 మార్చి 31న సిరియా సాయం కోసం కువైట్‌లో దాతల సదస్సు జరిగింది. అక్కడా ఈ చిత్రం చూపించారు. 380 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. ఆ మొత్తాన్ని చిత్రం పక్కన పెట్టి చెప్పడం వీఆర్ ప్రచారంలో అలవాటైపోయింది.

వరస చూస్తే సంగతి తెలుస్తుంది. అదే కువైట్‌లో 2013 సదస్సులో 150 కోట్ల డాలర్లు, 2014లో 240 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. అప్పుడు హెడ్‌సెట్లు లేవు. 2015లో ఐక్యరాజ్యసమితి అడిగింది 840 కోట్లు, వచ్చిన హామీ అందులో సగం కూడా లేదు. కువైట్ 50 కోట్లు, అమెరికా 50.7 కోట్లు ప్రకటించాయి. ఇలాంటి అంకెలు ఆర్థిక శాఖల్లో వారాల ముందే ఖరారవుతాయి. మంత్రిగారు హెడ్‌సెట్ తీసి కళ్లు తుడుచుకుని పెంచే మొత్తాలు కావవి.

అదే ఏడాది సెప్టెంబరులో, నిధులు చాలక, జోర్డాన్‌లో శిబిరాల బయట ఉంటున్న 2,29,000 మంది శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం ఆగిపోయింది. చిత్రం అప్పటికి ఎనిమిది నెలలుగా తిరుగుతోంది. ఇందులో చిత్రం తప్పేమీ లేదు. వీధిలో నెలకు పది డాలర్లిచ్చే మనిషికీ, బడ్జెట్ రాసే ప్రభుత్వానికీ ఒకే మందు పనిచేస్తుందని అనుకోవడంలో ఉంది తప్పు. రెండో చోట పనిచేసేది వేరు: లాబీయింగ్, ఓటు, పత్రికలు, పొరుగు దేశాల ఒత్తిడి.

ల్యాబ్‌లో తేలినదేమిటి

వీధిలో లేని పోలిక గుంపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది. అక్కడి వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్ ‘బికమింగ్ హోమ్‌లెస్’ అనే అనుభవం తయారుచేసింది. అద్దె కట్టలేని మనిషి మీరే. ఇంట్లో వస్తువుల్లో ఏవి అమ్ముకోవాలో ఎంచుకుంటారు. తర్వాత కారులో పడుకుంటారు, చివరికి రాత్రి బస్సులో మీ సంచికి మీరే కాపలా కాస్తారు. 560 మందికి పైగా పాల్గొన్న రెండు ప్రయోగాల ఫలితాలు 2018లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చాయి.

అయిపోయిన వెంటనే అడిగితే, వీఆర్ చూసినవాళ్లూ, అదే కథను చదివి ఊహించుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా కరిగిపోయారు. తేడా తర్వాత వచ్చింది. ఎనిమిది వారాల పాటు మళ్లీ మళ్లీ అడిగిన మొదటి ప్రయోగంలో చదివినవాళ్ల ధోరణి సడలింది, వీఆర్ వాళ్లది ఎక్కువకాలం నిలిచింది. తక్కువ అద్దె ఇళ్లకు మద్దతుగా పిటిషన్ ముందు పెడితే వీఆర్ గుంపులో 82 శాతం సంతకం చేశారు, చదివిన గుంపులో 67 శాతం.

ఈ రెండు అంకెల్లో జనం 82ను పట్టుకుంటారు. పని చేసేవాళ్లు చూడాల్సింది 67ను. ఒక కాగితం మీద కథ రాసిచ్చి, ఊహించుకోమని చెప్పి, పక్కనే పిటిషన్ పెడితే మూడింట రెండొంతుల మంది సంతకం చేశారు. పిటిషన్ అక్కడ ఉంది కాబట్టి చేశారు. హెడ్‌సెట్ దాని మీద 15 పాళ్లు కలిపింది. కాగితం ఖర్చెంత, హెడ్‌సెట్ ఖర్చెంత, ఆ 15 పాళ్లు మీ పనికి అంత విలువైనవేనా? చిన్న సంస్థ అయితే ఈ లెక్క వేసుకోకుండా కొనకూడదు.

2021లో 43 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ఇంకో మెలిక చూపించింది. వీఆర్ వల్ల ఎదుటివాళ్ల బాధకు మనసు కరగడం పెరుగుతుంది, కానీ ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారు, ఎందుకలా చేస్తున్నారు అని వాళ్ల వైపు నుంచి ఆలోచించే శక్తి పెరగదు. గుండె తడుస్తుంది, బుర్రకు పని పడదు. హెడ్‌సెట్ అన్నీ చూపించేస్తుంది కాబట్టి ఊహించుకునే కష్టం తప్పుతుంది, ఆ కష్టంలోనే అర్థం చేసుకోవడం ఉంది. అందుకే చిత్రం తర్వాత మాట్లాడే మనిషి అవసరం. “ఆ అమ్మాయి వాళ్ల నాన్న శిబిరం వదిలి పనికి ఎందుకు వెళ్లలేకపోతున్నాడంటారు?” అన్న ఒక్క ప్రశ్న, హెడ్‌సెట్ వదిలేసిన సగం పనిని చేస్తుంది.

మన ఊళ్లో స్టాల్ పెడితే

గేర్ వీఆర్ ఇప్పుడు లేదు, దానికి సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. ఫోన్‌ను లోపల పెట్టే చౌక పెట్టెలు మాత్రం ఇంకా దొరుకుతున్నాయి, 2023లో జియోడైవ్ 1,299 రూపాయలకు వచ్చింది. వీటితో పది మందికి చూపించవచ్చు, వంద మందికి కష్టం. ఫోన్ వేడెక్కి బొమ్మ ఆగి ఆగి వస్తుంది, మధ్యలో కాల్ వస్తుంది, బరువంతా ముక్కు మీద పడుతుంది. ఫోన్ పెట్టెలే వాడాల్సి వస్తే ఒక్కో పెట్టెకు రెండు ఫోన్లు, ఫ్లైట్ మోడ్, నోటిఫికేషన్లు ఆఫ్, వీడియో ఫోన్‌లోనే ఉండాలి, స్ట్రీమింగ్ వద్దు. దేంట్లో చూపించినా ఎండ లెన్స్ మీద పడకూడదు. ఆ లెన్సులు భూతద్దాలే. నిమిషం ఎండలో బోర్లా పడి ఉన్నా తెర మీద మచ్చ పడుతుంది, దానికి రిపేరు లేదు. షామియానా కింద స్టాల్ పెట్టినప్పుడు సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుందన్న సంగతి పొద్దున ఎవరికీ గుర్తుండదు.

తలల సంగతి. విదేశీ గైడ్లలో ఇది ఎక్కడా ఉండదు. కొప్పు, పూలు, క్లిప్పు ఉన్నచోట వెనక పట్టీ నిలవదు. పట్టీని జడ కిందినుంచి తీసుకుని పైకి లాగాలి, కొప్పు ఉంటే పైపట్టీ మీదే బరువు వేయాలి. కొబ్బరినూనె, బొట్టు, కాటుక స్పాంజికి అంటుతాయి, తర్వాతి మనిషి మొహం చిట్లిస్తారు. స్పాంజి బదులు తుడిచే వీలున్న సిలికాన్ కవరు వేసి, ఒక్కొక్కరికీ కొత్త పేపర్ మాస్క్ వాడాలి. కవరును ఆల్కహాల్ వైప్‌తో, లెన్స్‌ను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఆల్కహాల్ లెన్స్‌కు తగిలితే పూత పోయి పొగమంచు కమ్మినట్టవుతుంది. కళ్లద్దాలున్నవాళ్లకు ముందు హెడ్‌సెట్ మొహానికి ఆనించి, తర్వాత పట్టీ వెనక్కి లాగాలి. తీసేటప్పుడు ముందు మొహం వైపు నుంచే తీయాలి.

పెట్టేవాళ్లు ఎవరన్నది ఇంకా ముఖ్యం. డ్వాక్రా సంఘం మీటింగులో పరాయి కుర్రాడు వచ్చి ఆడవాళ్ల తలకు పట్టీ బిగించబోతే ఆ మీటింగ్ అక్కడితో సరి. ఆడవాళ్లకు ఆడ వాలంటీరే పెట్టాలి. పెట్టే ముందు ఇంత చెప్పాలి: “అక్కా, రెండు సెకన్లు కళ్లు మూసినట్టు చీకటవుద్ది, తర్వాత బొమ్మ వస్తుంది. నేను పక్కనే ఉంటా. తీసేయాలనిపిస్తే చెయ్యెత్తండి, ఏం అనుకోను.” పెద్దవాళ్లకు మోచేతి దగ్గర చెయ్యి వేసి ఉంచితే భయం సగం తగ్గుతుంది. చుట్టూ మూగిన జనానికి ఆ బొమ్మను టీవీలో కూడా చూపిస్తే లోపలున్న మనిషిని చూసి నవ్వడం తగ్గుతుంది. నవ్వులు వినబడితే లోపల ఏ భావమూ నిలవదు.

తిరిగే కుర్చీ అనుకుంటారు గానీ చక్రాలున్నది వద్దు, జారుతుంది. చక్రాల్లేని తిరిగే స్టూలు, చుట్టూ ఒకటిన్నర మీటర్ల ఖాళీ. చీర, లుంగీ స్టూలు కింద చిక్కకుండా చూడాలి. 13 ఏళ్ల లోపు పిల్లలకు పెట్టకపోవడం మంచిది, పరికరం తయారీదారు వయసు తగ్గించినా సరే. హెడ్‌సెట్ పిల్లల కళ్ల మధ్య దూరానికి సరిపోదు, పైగా బరువు అర కిలో.

తెలుగు సబ్‌టైటిల్స్ వేయాలనే వాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. 5.7కె వీడియో వెడల్పు 5,760 పిక్సెళ్లు, 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 16. ఇంగ్లీషు అక్షరాలు దాంతో నెట్టుకొస్తాయి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు పైనా కిందా ఉంటాయి కాబట్టి అదే ఎత్తులో అసలు అక్షరానికి మిగిలే చోటు సగమే. ‘స్త్రీ’, ‘క్ష్మ’ ముద్దలా కనిపిస్తాయి. చదవగలగాలంటే వరస ఎత్తు కనీసం నాలుగు డిగ్రీలు, అంటే 64 పిక్సెళ్లుండాలి, అప్పుడు వరసకు మూడు నాలుగు మాటలే పడతాయి. తల ఎటు తిప్పినా కనబడాలంటే 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు చోట్ల వేయాలి. ఇంత తంటా కంటే గొంతు పెట్టడం మేలు. గొంతు ఆ ప్రాంతపు యాసలో ఉండాలి. శ్రీకాకుళంలో చూపించేదానికి టీవీ వార్తల తెలుగు పెడితే ప్రభుత్వ ప్రకటన అనుకుంటారు.

సమయం లెక్క: చిత్రం ఎనిమిదిన్నర నిమిషాలు, పెట్టడానికి రెండు, తీశాక మూడు, తుడవడానికి ఒకటిన్నర. మొత్తం పదిహేను. ఒక హెడ్‌సెట్‌తో గంటకు నలుగురు, ఐదింటితో ఇరవై మంది, ఆరు గంటల్లో 120. ఇది కాగితం మీద. బ్యాటరీ రెండు గంటలకు అయిపోతుంది, భోజనాల వేళ ఎవరూ రారు, ఒకరు మధ్యలో ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టమంటారు. చేతికొచ్చేది 80–90. నిర్వాహకులు ఇది చూసి కంగారుపడి ముందుగా కోసేది ఆ మూడు నిమిషాలనే. లైను పెద్దదయ్యేసరికి “అయిపోయిందా? దిగండి, తర్వాతివాళ్లు” అంటారు. దాంతో మొత్తం పని వృథా. లైను పెద్దదైతే చిత్రాన్ని ఆరు నిమిషాలకు కోయించండి గానీ ఆ మూడు నిమిషాల జోలికి పోవద్దు.

ఆ మూడు నిమిషాల్లో ఏం చేయాలి? హెడ్‌సెట్ తీయగానే అరనిమిషం మాట్లాడకూడదు. వెలుతురుకు కళ్లు అలవాటుపడాలి, ముఖం సర్దుకోవాలి. మంచినీళ్లివ్వాలి. “ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. “ఏది గుర్తుండిపోయింది?” అని అడగాలి. వాళ్లు చెప్పేది వినాలి, మధ్యలో సమాచారం జొప్పించకూడదు. తర్వాతే చేయగల పని ఒక్కటి చెప్పాలి, ఒక్కటే. నాలుగు చెబితే ఏదీ చేయరు. అది అక్కడే, అప్పుడే పూర్తయ్యేదై ఉండాలి: గ్రామసభకు ఇచ్చే అర్జీ మీద సంతకం, బడి మానేసిన ఒక పిల్ల పేరు చెప్పడం, యూపీఐ ఆటోపే. “ఇంటికెళ్లి ఆలోచించండి” అన్నారంటే వదిలేసినట్టే.

బాధ తెలియని వాళ్లకు బాధ చూపించడం ఒక పని. బాల్యవివాహం మీద చిత్రాన్ని అదే జరుగుతున్న ఊళ్లో చూపించడం వేరే పని, ఎందుకంటే స్టూలు మీద కూర్చున్నావిడ కథే అది కావచ్చు. హెడ్‌సెట్ లోపల ఏడుస్తున్న మనిషి బయటికి కనబడదు, భుజాలు బిగుసుకోవడం, శ్వాస మారడం చూసి తెలుసుకోవాలి. ఒక గది లేదా పరదా వెనక రెండు కుర్చీలు, కౌన్సెలింగ్ తెలిసిన ఒక మనిషి, కాగితం మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు ఉండాలి. ఇవి సమకూరకపోతే ఆ ఊళ్లో ఆ చిత్రం వేయొద్దు.

లెక్క ఎలా రాయాలి

సిద్రా కేసులో లేని పోలికను పెట్టుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. రోజులు మార్చి మార్చి, ఒకరోజు హెడ్‌సెట్‌లో, ఒకరోజు అదే చిత్రం ట్యాబ్‌లో, ఒకరోజు చిత్రం లేకుండా అదే వాలంటీర్ మాటలతో. కుర్చీ, నీళ్లు, ప్రశ్న, ఫారం ఈ మూడు పద్ధతులకూ ఒకటే. పన్నెండుగురిలో ఒకరు ఇచ్చే చోట ఆరుగురిలో ఒకరు ఇచ్చారన్న తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో సుమారు 250 మంది కావాలి. 30 మందితో చేసి శాతాలు ప్రకటించే నివేదికలు చాలా వస్తాయి, వాటిలో ఇద్దరు అటూ ఇటూ అయితే కథ తారుమారు.

ఆ రోజు ఎంతమంది సంతకం చేశారన్నదాని పక్కన ఇంకో గడి ఉండాలి: చందా అయితే మూడో నెల కూడా డబ్బు కట్ అయిందా, అర్జీ అయితే ఆ గ్రామసభకు మనిషి వచ్చారా. ఎనిమిదో వారంలో ఒక ఫోన్ చేసి మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడగాలి. ఫోన్ చేసేది స్టాల్‌లో ఉన్న వాలంటీరే అయితే మొహమాటం అంకెల్లోకి ఎక్కుతుంది, కాబట్టి వేరే వాళ్లు చేయాలి.

రిజిస్టర్‌లో చాలామంది పెట్టని గడి ఇంకొకటుంది: మధ్యలో తీసేసినవాళ్లు ఎన్నో నిమిషంలో తీశారు, ఏమన్నారు. “తల తిరుగుతోంది” అన్నవాళ్లంతా ఒకే దృశ్యం దగ్గర తీసి ఉంటే అక్కడ కెమెరా కదిలి ఉంటుంది, లేదా హొరైజన్ ఒరిగి ఉంటుంది. “చూడలేను” అన్నవాళ్లు ఒకే చోట తీస్తే ఆ దృశ్యం నిడివి తగ్గించాలి. “పనుంది” అన్నవాళ్లు రెండో నిమిషంలోపే తీస్తే, వాళ్లను పిలిచేటప్పుడు ఎంతసేపు పడుతుందో చెప్పలేదన్నమాట.